గాంబియా: పత్రాలు తక్కువ, ప్రభావం ఎక్కువ

ఒక దేశ పరిశోధనా సామర్థ్యాన్ని ప్రధానంగా రెండు కొలమానాలతో అంచనా వేస్తారు. ప్రచురితమైన పత్రాల సంఖ్య మొదటిది, ఆ పత్రాలకు వచ్చిన సైటేషన్లు (ఇతర పత్రాల్లో వాటి ప్రస్తావనలు) రెండోది. పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియా (రాజధాని: బంజుల్) మొదటి దాంట్లో వెనుకబడినా, పత్రానికి సగటు సైటేషన్లలో ఎన్నో పెద్ద దేశాల కంటే ముందుంది.

ప్రధాన కేంద్రం: ఫజారాలోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ యూనిట్. బ్రిటన్ దీన్ని 1947లో నెలకొల్పింది. 2018 నుంచి లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో భాగం.

కీలక అధ్యయనాలు: క్రిమిసంహారక మందు పట్టించిన దోమతెరలు వాడిన గాంబియా గ్రామాల్లో 1-4 ఏళ్ల పిల్లల మరణాలు 63 శాతం తగ్గినట్లు 1991లో 'లాన్సెట్' ప్రచురించింది. న్యూమోకాకల్ టీకాతో అక్కడి చిన్నపిల్లల మరణాలు 16 శాతం తగ్గినట్లు 2005లో అదే పత్రికలో వెల్లడైంది.

పరిమితి: మొత్తం పత్రాలు తక్కువైతే, విదేశీ భాగస్వామ్యంతో వెలువడిన కొన్ని పత్రాలే సగటును అమాంతం పెంచేస్తాయి. కాబట్టి సగటును చూసి స్థానిక విశ్వవిద్యాలయాల బలాన్ని నిర్ణయించలేం.

గుర్తుంచుకోండి: సైటేషన్లను లెక్కించే సాధనాలు
• సైన్స్ సైటేషన్ ఇండెక్స్ (1964) రూపకర్త: యూజీన్ గార్‌ఫీల్డ్
• హెచ్-ఇండెక్స్ (2005) ప్రతిపాదకుడు: హోర్హే హిర్ష్
• హెచ్-ఇండెక్స్ 50 అంటే: కనీసం 50 పత్రాలకు ఒక్కోదానికి 50 లేదా అంతకు మించి సైటేషన్లు