చివరి ఇంటికి చేరిన హెచ్చరిక

రాయలసీమ అనగానే మనసులో మెదిలేది కరవు. వాన కోసం ఆకాశం వైపు చూసే ప్రజలకు ఏరు ఊరి మీదికి వస్తుందంటే నమ్మకం కుదరదు. మెట్టసీమకు వరద హెచ్చరికలెందుకన్న భావన ఇలా కలిగినదే. అది ఎంత ప్రమాదకరమో కర్నూలు, కడప జిల్లాల అనుభవాలు తెలుపుతున్నాయి.

కర్నూలు తుంగభద్రా హంద్రీ నదుల సంగమస్థానంలో వెలసిన నగరం. 2009లో దేశం తీవ్ర వర్షాభావానికి గురైంది. అదే ఏడాది సెప్టెంబరు చివర కురిసిన కుంభవృష్టికి నదులు పొంగి, అక్టోబరు 2న నగరంలోని పల్లపు ప్రాంతాలను ముంచెత్తాయి. దిగువనున్న శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున నాటి కడప జిల్లా రాజంపేట సమీపంలో, చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి వంటి తీరగ్రామాలు కకావికలమయ్యాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు.

కట్ట తెగిన తరువాత దిగువ గ్రామాలకు మిగిలే వ్యవధి అత్యల్పం. కనుక హెచ్చరిక కట్ట తెగాక కాక, ఎగువన నీటిమట్టం పెరుగుతున్నప్పుడే బయలుదేరాలి. ఇందుకు నాలుగు అంగాలు అవసరం. ఏ వీధికి ఎంత ముప్పున్నదో ముందుగా గుర్తించడం మొదటిది. వర్షపాతాన్ని, నీటిమట్టాన్ని నిరంతరం గమనించడం రెండవది. సమాచారాన్ని ప్రతి ఇంటికీ చేర్చడం మూడవది. విన్నవారు వెంటనే కదలగలిగేలా సిద్ధం చేయడం నాలుగవది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన మూడూ నిష్ఫలమే.

ఒక ప్రాంతంలోని సెల్‌ఫోన్లన్నింటికీ ఏకకాలంలో హెచ్చరికను పంపే విధానాన్ని 2023లో మన దేశంలో పరీక్షించారు. అయితే విద్యుత్తు పోవచ్చు. సెల్ టవరు మూగబోవచ్చు. ఇంట్లోని వృద్ధురాలికి ఫోనే లేకపోవచ్చు. అందువల్ల సైరను, గుడి మైకు, మసీదు మైకు, తరతరాల దండోరా కూడా పంచాయతీ చేతిలో సిద్ధంగా ఉండాలి. ‘అప్రమత్తంగా ఉండండి’ అంటే చాలదు. నీరు ఎప్పుడు రావచ్చునో, ఏ దారిన ఏ మెరకకు చేరాలో స్పష్టంగా చెప్పాలి. నడవలేనివారిని ఎవరు తీసుకొని వెళ్లాలో ముందే నిర్ణయించాలి.

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే ప్రయోజనం లేదు. ఏరు ఎండిన వేసవిలోనే పురపాలక సంఘాలు, గ్రామ పంచాయతీలు ప్రజలచేత ఈ అభ్యాసం చేయించాలి. కార్యాలయం నుండి వెలువడినంత మాత్రాన హెచ్చరిక పూర్తి కాదు; ఏటి ఒడ్డున ఉన్న చివరి ఇంటివారు మెరకకు చేరినప్పుడే అది సార్థకమవుతుంది.