నాగోరో గ్రామపు బొమ్మలు

జపాను దేశమందలి నాలుగు పెద్ద దీవులలో శికోకు మిగిలిన మూడింటి కంటె చిన్నది. ఆ దీవిలో, కొండల నడుమ ఇయా లోయయందు, నాగోరో అను పల్లె కలదు. ఒకప్పుడు అచ్చట సుమారు 300 మంది నివసించుచుండిరి. యువకులు పనులు వెదకుకొనుచు పట్టణములకు పోయిరి. ముసలివారు ఒక్కరొక్కరుగా కాలధర్మము నొందిరి. 2019 నాటికి ఆ పల్లెలో 30 మందియైనను మిగులలేదు.

ఆ పల్లె ఆడపడుచు త్సుకిమి అయానో. ఆమె చిన్ననాడే ఒసాకా నగరమునకు తరలిపోయి, అచ్చటనే సంసారము చేసెను. 2000 సంవత్సరము గడచిన కొలది యేండ్లకు, వృద్ధుడైన తండ్రిని చూచుకొనుటకై స్వగ్రామమునకు మరలివచ్చెను. వచ్చి పెరటిలో విత్తనములు నాటగా, పక్షులు వానిని తినివేసెను. మన రైతులు కఱ్ఱకు కుండను బోర్లించి, సున్నముతో కన్నులు దిద్ది దిష్టిబొమ్మను నిలుపుదురు గదా! ఆమెయు అట్టిదానినే నిలుపదలచెను. కాని దానికి తన తండ్రి పోలిక తెచ్చెను. ఆ దారిని పోవు ఇరుగుపొరుగువారు, పెద్దాయన అప్పుడే పనిలోనికి దిగినాడని తలచి పలుకరించిరి. పక్షుల మాట యెట్లున్నను, మనుష్యులు మాత్రము మోసపోయిరి.

పిదప పొరుగువారు కన్నుమూయుచు రాగా, వారితో ముచ్చటలాడుటకు అలవాటుపడిన ఆమెకు పల్లె మూగవోయినట్లు తోచెను. అప్పుడు ఆమె వారి రూపములను గూడ చేయసాగెను. కఱ్ఱబద్దలతో చట్రము కట్టును. వార్తాపత్రికలను చుట్టి ఒడలు కూర్చును. తలలో దూది కుక్కి, సాగెడు గుడ్డను ముఖముగా బిగించును. ఊలు జుట్టగును, బొత్తాములు కన్నులగును. అన్నిటికంటె నోటిని దిద్దుటయే కష్టమట. దారము కొంచెము బిగిసినచో, నవ్వవలసిన ముఖమునకు కోపము వచ్చును. ముసలమ్మ యొకతె నవ్వు ఎట్లుండెడిదో దినదినము చూచినవారికి గాని ఆ కుట్టు కుదురదు.

ఇట్లు ఆమె చేసిన బొమ్మలు 300 దాటినవి. కొన్ని చేలలో పనిచేయుచున్నట్లును, కొన్ని బస్సు కొఱకు వేచియున్నట్లును కూర్చుండును. పల్లెలోని పాఠశాల 2012లో మూతపడెను. అప్పటికి అందు చదువుచున్నవారు ఇద్దఱే. ఆ పిల్లలు తమ బొమ్మలను తామే చేసి, తమ స్థానములలో కూర్చుండబెట్టి వెడలిరి. గంట మ్రోగని ఆ తరగతిలో, ఉపాధ్యాయుని బొమ్మ యెదుట ఆ రెండు బొమ్మలును నేటి పాఠమునకై వేచియున్నట్లుండును.

వీనిని చూచుటకు దూరదేశములనుండియు జనులు వచ్చుచున్నారు. బొమ్మలు పల్లెకు సందర్శకులను తెచ్చినవి, కాపురస్థులను తేలేదు. ఈ సంగతి ఆమె యెఱుగనిది కాదు. ఆరుబయటనున్న బొమ్మ వానకును మంచునకును తడిసి, మూడేండ్లలో చివికిపోవును. అయానో ఏడుపదులు దాటిన వయస్సునను క్రొత్త బొమ్మలు కుట్టుచుండెను. తండ్రి పోలికతో చేసిన ఆ మొదటి బొమ్మయు ఆరుబయట పెరటిలో నిలిచినదే.