దీనీ తాలీమ్: పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పే ఉస్తాద్ కావాలి

మదర్సాకు చందా ఇచ్చేవారిని ఈ రోజుల్లో బంధుమిత్రులే అడుగుతున్నారు: "అక్కడ పిల్లలకు ఏం నేర్పుతున్నారో మీకు తెలుసా?" ఫలక్‌నుమా గల్లీల్లో ఈ మాట మనమూ విన్నాం. నొచ్చుకుని ఊరుకోకుండా జవాబు వెతుక్కోవడం మన బాధ్యత.

ముందు చరిత్ర చూద్దాం. హజ్రత్ అలీ (రజి) కాలంలో ఖవారిజ్ అనే వర్గం బయలుదేరింది. నమాజులోనూ ఖుర్ఆన్ పారాయణంలోనూ వారు ఎవరికీ తీసిపోరు. అయినా తమతో ఏకీభవించని ముస్లింలను అవిశ్వాసులన్నారు, వారి రక్తం చిందించారు. ఆయతులు కంఠతా వచ్చినా వాటి భావం వారికి అందలేదు. అప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) స్వయంగా వెళ్లి, వారి అభ్యంతరాలను ఒక్కొక్కటిగా విని, ఖుర్ఆన్ ఆధారంగానే సమాధానం చెప్పారు. వారిలో చాలామంది ఆ మార్గం విడిచి తిరిగి వచ్చారు.

ఇక మన కాలం. సచార్ కమిటీ 2006 నివేదిక ప్రకారం, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవారు నూటికి ముగ్గురు నలుగురే. తక్కినవారికి దీన్ గురించి సందేహం వస్తే ఎవరిని అడుగుతారు? 2014లో సిరియా, ఇరాక్ యుద్ధాలకు వెళ్లాలని ఇల్లు విడిచిన మన నగర యువకులను కోల్‌కతాలో ఆపి, నచ్చజెప్పి తల్లిదండ్రులకు అప్పగించారు. వారు ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు. వారిని లాగింది ఇంటర్నెట్.

అనుమానం వల్ల జరిగే నష్టమూ మనకు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు పట్టుకుపోయిన మన యువకుల్లో ఎందరో తరువాత నిర్దోషులుగా తేలారు. అలాగని మన ఇంటి బాధ్యత తీరిపోదు. 2008 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన జమీయత్ ఉలమా-ఎ-హింద్ మహాసభలో వేలాది ఉలమాలు ఉగ్రవాదానికి వ్యతిరేకమైన ఫత్వాను సమర్థించారు. ఆ మాట మొహల్లాలోని పదహారేళ్ల కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పేవారు కావాలి.

కాబట్టి దాతలకు మా విన్నపం ఇది. గోడలకు, మినార్లకు ఇచ్చినంత ఉదారంగా ఉస్తాద్‌ల జీతాలకూ ఇవ్వండి. హిఫ్జ్‌తో పాటు అర్థం చెప్పే పాఠానికి, ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి ఫీజుకు, కాలేజీ పిల్లలు సంకోచం లేకుండా ప్రశ్నలడిగే వారాంతపు తరగతికి సాయపడండి. మీరు చందా ఇచ్చే మదర్సాకు ఒకసారి వెళ్లి పిల్లల పక్కన కూర్చోండి. అప్పుడు బంధువుల ప్రశ్నకు కళ్లారా చూసిన జవాబే చెప్పగలరు.

ప్రయోజనకరమైన విద్య సదఖయె జారియా. అల్లాహ్ మన దానాలను స్వీకరించి, మన బిడ్డలను మితిమీరిన పోకడల నుంచి కాపాడుగాక. ఆమీన్.