గూడూరు నిమ్మకాయల లెక్క

గూడూరు నిమ్మ మార్కెట్‌ పేరున్నది కాబట్టి లెక్క నిమ్మకాయలతోనే చేద్దాం.

వ్యాపారి కిలో రూ.40 చొప్పున 100 కిలోలు కొన్నాడనుకోండి. హమాలీ, లారీ బాడుగ కలిపి రూ.500. దారిలో 10 కిలోలు కుళ్లిపోయాయి. మొత్తం ఖర్చు మీద 20 శాతం లాభం రావాలంటే కిలో ఎంతకు అమ్మాలి?

ఖర్చు 4,500, లాభం 900, రావాల్సింది 5,400. పరీక్షలో చాలామంది 100తో భాగించి రూ.54 అని గుర్తిస్తారు, అక్కడే మార్కు పోతుంది. చేతిలో మిగిలింది 90 కిలోలే. జవాబు రూ.60.

ఇదే లాభం అమ్మకాల మీద 16.67 శాతం, ప్రశ్నలో ‘దేని మీద’ అన్నది తప్పక చూడండి. ఇదే లెక్కను ఖాతాల్లో రాసేటప్పుడు, సరుకు తెచ్చుకోవడానికైన బాడుగ, హమాలీ వర్తకపు ఖాతాలో డెబిట్‌ వైపు రాయాలి, లాభనష్టాల ఖాతాలో కాదు.