బిల్ల కింద ఏముందో తెలిసినవాడికే విలువ

టైల్స్ పని నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్ల చూపు ముందుగా కట్టర్ మిషన్ మీదే పడుతుంది. బిల్ల పగలకుండా మూల కోయడం, సందులన్నీ ఒక్కలా పెట్టడం చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ బాత్రూం రెండేళ్లకే కారిందంటే తప్పు చాలాసార్లు బిల్లలో ఉండదు, దాని కింద ఉంటుంది. కూలీకీ మేస్త్రీకీ తేడా తెలిసేది అక్కడే.

కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఇప్పుడు కట్టే ఇళ్లలో బాత్రూం కింద ఉండేది కాంక్రీటు స్లాబే. పైపుల కోసం స్లాబును కొంత దించి పోస్తారు. ఆ గుంతకు వాటర్‌ప్రూఫింగ్ పూసి, కనీసం ఒక రోజు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ దిగలేదని చూశాకే నింపాలి. ఇంటాయన తొందరపెడితే ముందు ఎగిరిపోయేది ఈ ఒక్క రోజే! తర్వాత రసమట్టం పెట్టి జాలీ వైపు వాటం చూసుకోవాలి. విట్రిఫైడ్ బిల్ల నీటిని అర శాతం కూడా పీల్చదు కాబట్టి ఉత్త సిమెంటు దాన్ని సరిగా పట్టుకోదు. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అదిమే అలవాటు మానుకుని, ఐఎస్ 15477 ప్రమాణానికి సరిపోయే అడెసివ్‌ను పళ్ల తాపీతో నిండుగా పరచడం నేర్చుకోండి.

గల్ఫ్‌కు వెళ్లినా ఎక్కువగా కాంక్రీటే కాబట్టి ఈ పనితనం సరిపోతుంది. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు చూసేవారి సంగతి వేరు. అక్కడ చాలా ఇళ్లలో బాత్రూం నేల చెక్కదే: వరసగా దూలాలు, వాటిపై ప్లైవుడ్. చెక్క నడిస్తే ఊగుతుంది, చెమ్మకు ఉబ్బుతుంది. బిల్ల ఊగలేదు, పగులుతుంది. అందుకే ఉత్తర అమెరికాలో ఒక లెక్క పాటిస్తారు. సిరామిక్ బిల్ల వేసే నేల బరువుకు వంగడం దూలం పొడవులో 360వ వంతు మించకూడదు. అంటే 12 అడుగుల దూలానికి 10 మిల్లీమీటర్లు. సహజ రాయి పరిస్తే అందులో సగమే.

అక్కడి ఇళ్లలో పాత నేల విప్పగానే కమోడ్ చుట్టూ, టబ్బు అంచున స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. మెత్తగా దిగితే చెక్క కుళ్లినట్టే, కోసి మార్చాలి. ఊగే దూలానికి పక్కనే మరో దూలం జతచేసి బిగించాలి. ప్లైవుడ్‌ను మేకులతో కాక స్క్రూలతో పట్టించి, పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. లేకుంటే ఉబ్బినప్పుడు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దానిపై అడెసివ్ పరచి సిమెంటు బోర్డు వేస్తారు. దీని అతుకులు కింది అతుకుల మీద పడకూడదు. సిమెంటు బోర్డు నీటికి చెడదు గానీ నీటిని ఆపదు. కాబట్టి అతుకులకు జాలీ టేపు వేశాక, పైన వాటర్‌ప్రూఫ్ పొర కూడా ఉండాలి. గోడల వెంట 6 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, చివర్లో సిలికాన్ నింపాలి.

ఇంత పని చేయాలంటే తాపీతో పాటు ఉలి కూడా పట్టాలి. ఐటీఐలో మేసన్, కార్పెంటర్ రెండూ ఏడాది కోర్సులే, ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. ఒకటి ఐటీఐలో చేసి, రెండోది పని దగ్గర నేర్చుకోమంటాను. చెక్క మనకేం పరాయిది కాదు, మన పాత మిద్దెలు నిలిచింది దూలాల మీదే. పాత కట్టడాల మరమ్మతు కూడా ఒక దారే. మన కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లోనూ నిర్మాణ పనుల శిక్షణ ఉంది. ఇప్పటికే సొంతంగా తాపీ పని చేస్తున్నవారు పీఎం విశ్వకర్మ పథకం చూడండి: శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల సాయం.

కెనడాలో టైల్‌సెట్టర్ పని రెడ్ సీల్ (దేశమంతటా చెల్లే నైపుణ్య ధ్రువీకరణ) వృత్తుల్లో ఒకటి. ఆస్ట్రేలియాలో వాల్ అండ్ ఫ్లోర్ టైలర్ నైపుణ్యాన్ని ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా మదింపు చేస్తుంది. ఇంగ్లిష్‌తో పాటు అనుభవానికి రుజువులూ కావాలి. మన దగ్గర పని నోటి మాట మీద సాగిపోతుంది కాబట్టి చాలామంది చిక్కుకునేది ఈ రుజువుల దగ్గరే. బిల్ల పరచక ముందు నేల ఎలా ఉందో ఫొటో తీసి, తేదీ రాసి, కాంట్రాక్టర్‌తో సంతకం చేయించి దాచుకోండి.

గల్ఫ్ వెళ్లేవారు ముందుగా తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి. లైసెన్సున్న ఏజెంటైనా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. పది పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే వారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పదు. పది తప్పినవారు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేముందు తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో ఆ పరీక్ష పూర్తిచేయండి.