పడిసెము పట్టినపుడు రుచి యెచటికి పోవును?

పడిసెము పట్టినవాడు "నాలుక చచ్చినది, ఏమి తినినను గడ్డి తినినట్లున్నది" అనుచుండును. వాస్తవమున వాని నాలుకకు సాధారణముగా లోపమేమియు కలుగలేదు. లోపము ముక్కునందున్నది. అది యెట్లో విచారింతము.

నాలుక గ్రహింపగలిగిన రుచులు మిక్కిలి కొలది: తీపి, పులుపు, ఉప్పు, చేదు. వీనితోడ మాంసరసాదులయందుండు ఉమామి యను నైదవదానిని శాస్త్రజ్ఞులు చేర్చిరి. మన పెద్దలు షడ్రుచులలో లెక్కించిన కారము, వేడిని బాధను తెలుపు నాడుల మూలమున తెలియునది. ఇక మామిడిపండునకును, ఇంగువ పోపునకును, క్రొత్తగా కాచిన నేతికిని గల ప్రత్యేకత చాలవరకు వాసనయే. నమలునపుడు ఆ వాసన గొంతు వెనుకనుండి ముక్కులోనికెక్కును. ముక్కు పైభాగమున కొలది చదరపు సెంటీమీటర్ల పొర యొకటి కలదు. అందలి ఘ్రాణకణములు వాసనను గ్రహించి మెదడునకు తెలుపును. వాసనలను పట్టు గ్రాహకములు మనకు సుమారు 400 విధములు కలవు. ఇట్టి గ్రాహకముల జన్యువులను 1991లో కనుగొనిన లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ అనువారలకు 2004లో నోబెల్ బహుమానము లభించెను.

విద్యార్థులారా, దీనిని మీరే పరీక్షింపవచ్చును. ముక్కు గట్టిగా మూసికొని ఏలకి గింజలు నమలుడు. కొంచెము ఘాటు తప్ప మరేమియు తెలియదు. ముక్కు విడువగానే పరిమళము నోరంతయు నిండినట్లుండును.

సామాన్యపు పడిసెమున ముక్కు లోపలి పొర వాచి, చీమిడి అడ్డుపడుటచే గాలి ఘ్రాణకణములను చేరజాలదు. 2020లో లోకమంతట వ్యాపించిన కోవిడు వ్యాధియందు మాత్రము, ముక్కు తెరపిగా నున్నను పలువురకు వాసన హఠాత్తుగా పోయెను. ఆ వైరసు ముఖ్యముగా ఘ్రాణకణములను గాక, వానిని పోషించుచు ప్రక్కనుండు కణములను పట్టుకొనుననియు, అవి చెడగా ఘ్రాణకణముల పని కుంటుపడుననియు పరిశోధనలవలన తెలియవచ్చినది. కొందరకు నాలుక రుచియు తగ్గెను. 2020 జూన్ మాసమున భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ ఈ లోపమును ఆ వ్యాధి లక్షణములలో చేర్చెను.

ఇది చిన్న బాధయని నవ్వరాదు. ఘ్రాణము మనకు కావలివాడు. వంటగ్యాసునకు స్వతహాగా వాసన లేనట్లే. కారినపుడు తెలియుటకై దుర్గంధముగల మెర్కాప్టాను దానియందు కలుపుదురు. వాసన తెలియనివానికి ఆ హెచ్చరిక వ్యర్థము. పాచిన కూర, అడుగంటుచున్న పాలు, పొగ వానికి పసికట్టరావు. అన్నము సహింపక చిక్కిపోవువారును, మనసు క్రుంగువారును కలరు.

అయినను నిరాశపడ నక్కరలేదు. ఘ్రాణకణములు నశించినచోట క్రొత్తవి పుట్టుచుండును. పెక్కుమందికి కొన్ని వారములలోనే వాసన మరలివచ్చును. కొందరకు నెలలు పట్టును. 2009లో జర్మనీదేశమున డ్రెస్డెన్ నగరపు వైద్యుడు హుమ్మెల్, ఆయన సహచరులు ఒక సాధనను ప్రకటించిరి. గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగము వాసనలను దినమునకు రెండుసార్లు, 12 వారములు శ్రద్ధతో మూర్కొనవలెను. దానివలన కొందరకు మేలు కలిగెను.

కావున మన యింట నెవరైన రుచి తెలియుటలేదన్నచో వండినవారు నొచ్చుకొనరాదు. పొయ్యికడ వారిని ఒంటరిగా విడువరాదు. వారములు గడచినను వాసన మరలిరానిచో వైద్యునకు చూపవలెను.