దప్పిక చంపుకోవద్దు చెల్లీ

అమ్మాయ్, సిగ్గుపడకుండా చెప్పు. మిరప కోతకు పోయిన రోజు పొద్దున్నించి పొద్దుగూకే దాకా ఎన్నిసార్లు నీళ్లు తాగుతావు? అన్నం తిన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం గొంతు తడారిపోతే రెండు గుక్కలు. అంతే గదా? పక్కన సీసా నిండుగా ఉన్నా తాగవు. ఎందుకో నాకు తెలుసు, నీ పక్క సాలులో కాయ కోసే ఒదినకీ తెలుసు. తాగితే ఒంటికి పోవాలి, పోదామంటే చాటు లేదు. కనుచూపు మేర నడుము దాటని మిరప చెట్లు, గట్టు మీద మేస్త్రి, డొంకలో ట్రాక్టర్లు. అందుకే పొద్దున ఆటో ఎక్కే ముందే నోరు కట్టేసుకుంటావు.

ఎండాకాలం వచ్చిందంటే పేపర్లు, టీవీలు, ఆస్పత్రి గోడలు అన్నీ ఒకటే మాట: నీళ్లు బాగా తాగండి. మంచి మాటే, కాదనను. తాగాక ఆడమనిషి యాడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మగాళ్లకి ఆ ఇబ్బందే లేదు, గట్టు దిగి అటు తిరిగితే సరి. ఇవాళ మనం ముచ్చటించుకోవాల్సింది ఆ చెప్పని సంగతే.

మన పల్నాడు ఎండ మామూలు ఎండ కాదు. రాష్ట్రంలో ఎక్కువ వేడి ఎక్కడ అంటే రెంటచింతల పేరు వినీ వినీ అలవాటైపోయింది మనకి. అక్కడ 45 డిగ్రీలు దాటినా ఎవరూ వింతగా చెప్పుకోరు. శ్రీనాథుడంతటి వాడు ఈ సీమకొచ్చి గుక్కెడు నీళ్లకి అల్లాడి, దేవుడితోనే పేచీ పెట్టుకున్నాడని చాటువులు చెబుతాయి. 1967లో సాగర్ కుడి కాలువ పారాక పొలాలు తడిశాయి. మిరప, పత్తి, వరి వచ్చాయి. మిరప కోతలు సంక్రాంతి ముందు మొదలైనా ఆఖరి కోతలు, కల్లంలో కాయ ఏరుడు మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. అంటే ఎండ ముదిరే వేళకి మనం ఇంకా పొలంలోనే ఉంటాం.

ఇప్పుడు ఒంటి సంగతి విను. మనది పొడి ఎండ, వడగాలి. చెమట పట్టినంతసేపు పట్టదు ఆరిపోవటానికి. అందుకని నీకు చెమట పోసినట్టే ఉండదు. సాయంత్రం జాకెట్టు వీపు మీద చూడు, తెల్లగా ఉప్పు చారలు కడతాయి. ఆ చారలే లెక్క. ఎండలో ఒళ్లొంచి పనిచేసే మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు నీరు పోయినా పోతుంది. దప్పిక వేసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి ఒక్కసారే చెంబెడు తాగటం కాదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగుతూ పోవాలి. సరిపోయిందా లేదా అనేదానికి ఒంటికి పోయినప్పుడు రంగు చూసుకో. లేత గడ్డి రంగులో ఉంటే ఫర్వాలేదు. ముదురు పసుపు, టీ రంగు అయితే ఒళ్లు ఎండిపోతోందని లెక్క. నాలుగైదు గంటలైనా ఒంటికి రాలేదంటే అది ఓర్పు కాదమ్మా, ప్రమాదం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. కాన్పై మళ్లీ పనికొచ్చిన పిల్ల, జ్వరం తగ్గి లేచిన మనిషి, కొత్తగా ముఠాలో చేరిన వాళ్లు మొదటి రోజే అందరితో పాటు పోటీగా కొయ్యకూడదు. వడదెబ్బ ముందు పట్టుకునేది వాళ్లనే.

వడదెబ్బని తేలిగ్గా తీసుకోకు. 2015 మే నెల ఎండల్లో మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు. కళ్లు తిరగటం, తలనొప్పి, వాంతులు, పిక్కలు పట్టెయ్యటం మొదటి హెచ్చరిక. అప్పుడే నీడకి చేర్చి, పడుకోబెట్టి, నీళ్లు పట్టిస్తే చాలామంది తేరుకుంటారు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. ఒళ్లు 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలిపోతుంటుంది. వెంటనే 108కి ఫోన్ చెయ్యి. బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. దగ్గరున్న నీళ్లన్నీ ఒంటి మీద గుమ్మరించి కొంగులతో, గోతాలతో విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో తడి గుడ్డలు పెట్టండి, ఐసు దొరికితే ఇంకా మంచిది. మనిషిని బతికించేది ఆ చల్లబరచటమే. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేసినా ఈ వేడి దిగదు.

ఏం తాగాలంటావా? పొద్దున చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయతో తిని పో. రాగి అంబలి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, ముంజలు మన ఇళ్లలో ఉన్నవే. కూల్‌డ్రింకు దాహం తీర్చినట్టు ఉంటుంది గానీ అందులో ఉన్నదంతా చక్కెరే. వాంతులు, విరేచనాలైనా, బాగా నీరసించినా ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్‌లోని బంగావ్ శిబిరంలో కలరాతో జనం పిట్టల్లా రాలిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. అంత మందు అది. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి, ఆ రోజే వాడెయ్యాలి. చిటికెడు చిటికెడు గ్లాసులో వేసుకోవటం పద్ధతి కాదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపు. టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

దుకాణంలో ఓఆర్ఎస్ అని పేరు రాసి ఉన్న రంగు రంగుల జ్యూసు డబ్బాలు చూసే ఉంటావు. వాటిలో చక్కెర మోతాదుకి ఎన్నో రెట్లు. విరేచనాలు పట్టుకున్న పసిపిల్లకి తాగిస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడింది. చివరికి 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలో లేనిదానికి ఆ పేరు పెట్టకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. మెడికల్ షాపులో అడిగినా ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం అని ఉందేమో చదివించుకుని కొను.

ఇక మనం పైకి చెప్పుకోని బాధ. ఒంటికి పోయేటప్పుడు మంట. “వేడి చేసిందిలే” అని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగి ఊరుకుంటాం. నీళ్లు తాగక వచ్చిన మంటైతే తగ్గుతుంది. కానీ రోజంతా ఆపుకుంటే మూత్రసంచిలో సూక్ష్మక్రిములు పెరగటానికి తీరిక దొరుకుతుంది, ఆడవాళ్లకి మూత్రనాళం పొట్టి కాబట్టి అవి తొందరగా పైకి పాకుతాయి. మాటిమాటికీ పోవాలనిపించటం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసన, రక్తం చార కనిపిస్తే మూత్ర పరీక్ష చేయించుకో. చలి, వణుకుతో జ్వరం వచ్చి నడుము పక్కన పోటు పెడితే ఆ రోజే ఆస్పత్రికి పో, క్రిములు కిడ్నీ దాకా పోయాయేమో చూడాలి. గర్భిణి అయితే అసలు ఆగకూడదు, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. షాపులో రెండు మాత్రలు కొని మింగి, మంట తగ్గగానే మానెయ్యటం వద్దు. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడాలి. నీళ్లు తక్కువైతే కిడ్నీలో రాళ్లూ కడతాయి, ఆ నొప్పి పడ్డవాళ్లని అడుగు చెబుతారు.

మిరప కోతలో ఇంకో నరకం ఉంది. నవ్వకు, నిజం చెబుతున్నా. చాటు దొరికినా ఆ చేతులతో ఒంటికి పోతే ప్రాణం పోయినంత మంట. అందుకే కొంతమంది పోవటమే మానేస్తారు. మిరపకాయ కారం నీళ్లతో పోదు, నూనెలో కరుగుతుంది. ఎన్ని నీళ్లు పోసి కడిగినా మంట అట్లాగే ఉండేది అందుకే. చిన్న సీసాలో కొబ్బరి నూనో, వేరుశనగ నూనో పెట్టుకుని పో. ముందు వేళ్ల సందుల్లో, గోళ్ల చివర నూనె రాసి, పాత గుడ్డతో గట్టిగా తుడిచి, తర్వాత సబ్బుతో కడుగు. చంటిబిడ్డ తల్లివైతే పాలిచ్చే ముందు తప్పకుండా ఇట్లా చెయ్యి. కంటికి తగిలితే మాత్రం నూనె కాదు, చల్లటి నీళ్లు ధారగా పొయ్యాలి. పురుగుమందు కొట్టిన చేలోకి ఎప్పుడు దిగొచ్చో రైతుని అడిగి దిగు. మందు డబ్బా ఎంత కడిగినా తాగే నీళ్లు అందులో తేవద్దు.

ఇంటి దగ్గర వాళ్లని కూడా కాస్త చూడు. రేకుల కింద పడుకునే మీ అత్తకి ఎండలోకి పోకుండానే వడదెబ్బ తగలొచ్చు. మధ్యాహ్నం రేకు మీద తడి గోతాలు పరువు, ఆమె అడగకపోయినా గ్లాసు చేతికియ్యి. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే ఎండాకాలం మోతాదు మార్చాలేమో డాక్టర్ని అడగాలి, సొంతంగా ఆపెయ్యకూడదు. ఆరు నెలల లోపు బిడ్డకి ఎండాకాలంలోనూ తల్లిపాలే చాలు, నీళ్లు పట్టొద్దు. బొల్లాపల్లి, వినుకొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న చోట్లున్నాయి. కాచినంత మాత్రాన అది పోదు, శుద్ధి చేసిన కాలువ నీరో పరీక్ష చేసిన నీరో తాగాలి. బడికి పోయే ఆడపిల్లని కూడా అడుగు. మరుగుదొడ్డి బాగోక పొద్దుటి నుంచి ఆపుకుంటోందేమో.

ఇన్ని చెప్పినా మొదటి చిక్కు అట్లాగే ఉంది గదా, చాటు. అది నీ ఒక్కదాని సిగ్గు వ్యవహారం కాదమ్మాయ్, పని చోట ఉండాల్సిన ఏర్పాటు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే ఆ పనులు జరిగే చోట తాగే నీళ్లు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని రాశారు. చాటు మాట అందులో లేదు, మనమే చేర్చుకోవాలి. ఏమంత ఖర్చని? నాలుగు కర్రలు పాతి చుట్టూ ఒక పట్టా కడితే సరి. కాయ తడవకూడదని రైతు కల్లం దగ్గర ఎన్ని పట్టాలు మడిచి పెట్టుకుంటాడో నీకు తెలీదా? చెట్టు కింద ఇంకో పట్టా నీడకి, ఒక డ్రమ్ము తాగటానికి, ఒక బకెట్టు చేతులు కడగటానికి. పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపి, ఆ గంటలు తెల్లవారుజామునో సాయంత్రమో కలిపితే రైతుకీ నష్టం లేదు. ఎండకి పడిపోయిన కూలీ కాయ కొయ్యలేదు గదా.

కోతల కాలంలో కూలీలు దొరక్క రైతులే మేస్త్రి చుట్టూ తిరుగుతారు, మన మాట చెల్లే రోజులవి. రేటు మాట్లాడేటప్పుడే ఈ మాటా మాట్లాడండి. నువ్వొక్కదానివే అడిగితే “ఏందమ్మా నీ గోల” అని నవ్వేస్తారు. ఆటోలో ఉన్న వాళ్లంతా కలిసి, చాటు కట్టిన చేలోకే దిగుతామనండి. మధ్యాహ్నానికల్లా పట్టా వస్తుంది.